పాట ఎక్కడ ఆగింది? సోలాపూర్ సంగీత చరిత్ర రాసే తీరు మీద కొన్ని అభ్యంతరాలు

కొన్నేండ్ల కింద ఒక యువకుడు సోలాపూర్ పాటల మీద పరిశోధన చేస్తున్నానంటూ మా ఇంటికి వచ్చాడు. పాత పాటలు తెలిసిన పెద్దవాళ్లు ఎవరున్నారని అడిగితే మా మేనత్త దగ్గరికి నేనే తీసుకుపోయాను. అత్త నలభై ఏండ్లకు పైగా బీడీలు చేసిన మనిషి. వచ్చినాయన మర్యాదస్తుడు, చేతిలో మంచి రికార్డర్ ఉంది. "ఆజీ, మీ పాత పాటలు పాడండి" అని మరాఠీలో అడిగాడు. అత్త కాసేపు సిగ్గుపడి, కొంగు సర్దుకొని ఒక పాట ఎత్తుకుంది. వరుస ఒక పాత తెలుగు సినిమా పాటది. మాటలు మాత్రం సినిమావి కావు. కార్ఖానాలో బీడీలు ఎంచే మనిషి, కట్టకు ఇరవై అయిదు, బాగాలేవని అవతల పడేసే బీడీలు, ఇంటికాడ ఆకలితో కూర్చున్న పిల్లలు, ఇదీ ఆ పాటలో ఉన్న సంగతి. రెండో చరణం అందుకోకముందే ఆయన రికార్డర్ ఆపేశాడు. "ఇది సినిమా పాట కదా, మాకు జానపదం కావాలి" అన్నాడు. అత్త నవ్వేసి, "అయితే నాకు రాదు బిడ్డా" అంది.

అప్పుడు నాకు ఆయన చేసింది తప్పనిపించలేదు. పైగా మెట్లు దిగుతూ, మీ టైము వేస్టయింది, ఏమనుకోకండి అని నేనే చెప్పాను. అందులో తప్పు నాది కూడా అని తెలియడానికి చాలా కాలం పట్టింది.

నేను బీకాం చదివి బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరయినవాణ్ని. సంగీత శాస్త్రం నాకు తెలియదు, రాగాలు గుర్తుపట్టలేను. కానీ రెండు ఖాతాలు కలవకపోతే పద్దు ఎక్కడ తప్పిందో వెతకడం నా బతుకంతా చేసిన పని. సోలాపూర్ సంగీతం గురించి వస్తున్న రాతలు, మాటలు చూస్తుంటే అలాంటి పద్దు ఒకటి తప్పినట్టు కనిపిస్తుంది. దాని గురించే ఈ వ్యాసం.

ఒక లెక్కలో పాట, ఇంకో లెక్కలో పని

సోలాపూర్ సంగీతం అనగానే మొదట చెప్పే పేరు రామ్ జోషి. పేష్వాల చివరి కాలపు లావణీ కవి, మన ఊరి మనిషి. ఆయన కథతో 1947లో 'లోక్‌శాహీర్ రామ్ జోషి' అనే మరాఠీ సినిమా కూడా వచ్చింది. అక్కడినుంచి ఒక్క గంతులో కార్మిక శాహీర్ల కాలానికి వస్తారు. మన జిల్లాలోనే బార్శీలో పుట్టిన అమర్ శేఖ్, ఆయనతోపాటు అణ్ణాభావూ సాఠే, గవాణ్‌కర్, వాళ్లు ముగ్గురూ కలిసి 1944లో పెట్టిన లాల్ బావటా కళాపథక్, తర్వాత సంయుక్త మహారాష్ట్ర ఉద్యమం. చివర్లో సిద్ధేశ్వర గడ్డ యాత్ర, నందిధ్వజాల ముందు వాయిద్యాలు. తెలుగువాళ్ల వంతు వచ్చేసరికి ఒకటే వాక్యం ఉంటుంది: ఇక్కడి తెలుగు ఆడవాళ్లు బతుకమ్మ ఆడతారు.

వీటిలో ఏదీ అబద్ధం కాదు. అమర్ శేఖ్‌ని తక్కువ చేయాలని నాకు లేదు. కానీ ఒక్క సంగతి గమనించండి. ఇది మిల్లుల ఊరు. 1870ల్లో మొదటి నూలు మిల్లు లేచినప్పటినుంచి ఊరికి పొద్దు పొడిచేది భోంగాతోనే. అలాంటి ఊరి సంగీత చరిత్రలో మిల్లు లేదు. కార్మికుడు ఉన్నాడు గానీ జనంలో కూర్చొని శాహీర్ పాటకు చప్పట్లు కొట్టే మనిషిగా ఉన్నాడు. అతని గురించి వేరేవాళ్లు పాడిన పాట ఉంది, అతను పని దగ్గర పాడుకున్నాడా లేదా అన్న ప్రశ్నే లేదు.

రెండో లెక్క కార్మిక చరిత్రలది. ఇక్కడ నిజంగా గట్టి పని జరిగింది. డగ్లస్ హేన్స్ 2012లో అచ్చువేసిన 'స్మాల్ టౌన్ క్యాపిటలిజం ఇన్ వెస్టర్న్ ఇండియా'లో సోలాపూర్ నేతగాళ్ల బతుకు ఉంది. ఆయనా తీర్థంకర్ రాయ్ కలిసి 1999లో నేతగాళ్ల వలసల మీద ఒక పెద్ద వ్యాసం రాశారు. మిల్లు కార్మికులు, సమ్మెలు, జాతీయోద్యమం గురించి మంజిరీ కామత్ పని చేశారు. మనవాళ్లు నిజాం ఇలాకా వదిలి ఇటు ఎందుకు వచ్చారు, కార్ఖాందార్ చేతికింద ఎట్లా నేశారు అని తెలుసుకోవాలంటే ఇవి చదవాల్సిందే. పాటలు ఆ పుస్తకాల విషయం కాదు కాబట్టి అవి లేవని వాటిని తప్పు పట్టలేం.

కానీ ఫలితం ఏమయింది? ఒక లెక్కలో పాట ఉంది, పని లేదు. ఇంకో లెక్కలో పని ఉంది, పాట లేదు. రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసినవాళ్లు లేకపోయేసరికి మా అత్త పాట రెండింటిలోనూ జమ కాలేదు.

ఒక ఇంగ్లీషు పుస్తకం, మన నాలుగు పనులు

పోయిన ఏడు మా అబ్బాయి ఒక పుస్తకం తెచ్చిచ్చాడు. పేరు 'రిథమ్స్ ఆఫ్ లేబర్'. మారెక్ కొర్చిన్‌స్కీ, మైకేల్ పికరింగ్, ఎమ్మా రాబర్ట్‌సన్ కలిసి రాసింది, 2013లో వచ్చింది. బ్రిటన్‌లో పనిచేసే చోట సంగీతం ఎట్లా ఉండేదన్నది విషయం. టూకీగా చెప్తా. యంత్రాలు రాకముందు పనితోపాటు పాట ఉండేది. మగ్గం మీద, ఓడ మీద, స్కాట్లాండ్ ఆడవాళ్లు బట్టను బల్ల మీద బాదేటప్పుడు, పాట పనిలో భాగం. ఫ్యాక్టరీ వచ్చాక చప్పుడు, పైన మేస్త్రీ నిఘా, జరిమానాలు, అన్నీ కలిసి పాటను ఆపాయి. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో 1940లో బీబీసీ 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అనే కార్యక్రమం మొదలుపెట్టి ఫ్యాక్టరీల్లో లౌడ్‌స్పీకర్ల మీద సంగీతం వినిపించింది. అంటే ముందు పాట, తర్వాత మౌనం, తర్వాత రేడియో.

ఈ పుస్తకం నాకు చేసిన మేలు ఏమిటంటే, పాట గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న నేర్పింది. పాట ఎవరు రాశారు, ఏ రాగం అన్నవి తర్వాత. అక్కడ పక్కమనిషి మాట వినబడేదా? చేతులు ఖాళీయా, చెవులు ఖాళీయా? ఈ ప్రశ్న పట్టుకొని సోలాపూర్‌లో మనవాళ్లు చేసిన నాలుగు పనులూ చూశాను. కొంత కలిసింది, కొంత కలవలేదు. కలవని చోటే మన చరిత్ర ఉంది.

మొదటిది చేమగ్గం. ఇక్కడ మనవాళ్లలో ఒక తియ్యటి ఊహ ఉంది: ఇంట్లో మగ్గం, భర్త నేస్తుంటే భార్య కండెలు చుడుతూ పాడేది అని. కొన్ని ఇండ్లల్లో అట్లా ఉండవచ్చు. కానీ సోలాపూర్‌లో చాలామంది నేసింది కార్ఖాందార్ కొట్టంలో, కూలికి, వరసగా వేసిన మగ్గాల మధ్య. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తాడు గుంజితే నాడె ఉరికే మగ్గాలు వచ్చాక చప్పుడు పెరిగింది. అయినా అది లయ ఉన్న చప్పుడు. కాలు తొక్కుడు, తాడు గుంజుడు, పలక కొట్టుడు, మళ్లీ కాలు. ఆ లయలో పాట నిలబడుతుంది. మా తాత నేసేటప్పుడు తత్త్వాలు పాడేవాడని, పక్క మగ్గం మీది మనిషి చరణం అందుకునేవాడని మా నాన్న చెప్పేవాడు. కాబట్టి పాట ఉంది. కానీ అది ఇంటి పాట కాదు, కూలి కొట్టం పాట. ఈ తేడా పట్టించుకోకుండా రాస్తే చరిత్ర కాదు, క్యాలెండర్ బొమ్మ అవుతుంది.

రెండోది మిల్లు. మా నాన్న పనిచేసింది సాచాఖాతాలో, అంటే నేత విభాగంలో. వందల సాచాలు ఒక్క కప్పు కింద నడిచే చోట చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలు. అక్కడ పాట సంగతి తర్వాత, పిలుపే వినబడదు. ఇంగ్లండులో లాంకషైర్ నేతకత్తెలు పెదవులు చూసి మాట పట్టుకునేవాళ్లట, దానికి వాళ్ల భాషలో ఒక పేరు కూడా ఉంది. మా నాన్న కూడా అంతే. ఇంట్లో మనం మెల్లగా మాట్లాడితే చెవికన్నా ముందు ఆయన కండ్లు మన నోటి మీదికి వచ్చేవి. ఇంత వరకు పుస్తకం చెప్పింది అక్షరాలా నిజం. మిల్లు పాటను ఆపింది.

కానీ పుస్తకం లెక్క ప్రకారం ఇక్కడ మౌనం ఉండాలి. మా ఇంట్లో ఉన్నది మౌనం కాదు, శనివారం భజన. పాళీ దిగి వచ్చి, స్నానం చేసి, రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే ఒంటిగంట దాకా. నాన్న ఎప్పుడూ మద్దెల పక్కన కూర్చునేవాడు. చిన్నప్పుడు అది గౌరవ స్థానం అనుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, దూరంగా కూర్చుంటే తాళం వినబడక తప్పిపోయేవాడట. పాడేవాళ్ల నోళ్లు చూస్తూ తాళాలు కొట్టేవాడు. మిల్లు ఆయన చెవి తీసుకుంది, పాటను తీసుకోలేకపోయింది. పాట పని చోటునుంచి లేచి వాడకు వచ్చి కూర్చుంది, అంతే. కాబట్టి మిల్లు కార్మికుల సంగీత చరిత్ర రాసేవాళ్లు మిల్లు గేటు దగ్గర ఆగితే ఏమీ దొరకదు. పాళీలు మారే వేళలు పట్టుకొని భజన మండళ్ల వారాలు, వేళలు చూడాలి. ఒక వారం పగటి పాళీ, ఒక వారం రాత్రి పాళీ ఉన్న మనిషి ఏ మండలిలో చేరగలడు? భజన శనివారమే ఎందుకు? ఇట్లాంటి చిన్న ప్రశ్నలకు జవాబు దొరికితే పెద్ద చరిత్ర దొరుకుతుంది.

మూడోది బీడీ. పుస్తకం లెక్క పూర్తిగా తప్పేది ఇక్కడ. బీడీ కూడా పరిశ్రమే, వేలమంది కూలీలు, కంపెనీలు, కార్మిక సంఘాలు, సమ్మెలు, 1966లో వచ్చిన ప్రత్యేక చట్టం. కానీ యంత్రం లేదు. ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు, దారం, కత్తెర. చేతులు ఊపిరాడనంత పనిలో ఉంటాయి, చెవులు పూర్తిగా ఖాళీ. పదిమంది ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుంటారు. అంటే మన ఊర్లో మగవాళ్ల పరిశ్రమ పాటను బయటికి తోసేసిన కాలంలోనే ఆడవాళ్ల పరిశ్రమ పాటను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. సోలాపూర్ బీడీ కార్మికుల్లో ఎక్కువమంది మన తెలుగు ఆడవాళ్లు. కాబట్టి ఈ పారిశ్రామిక నగరంలో పని పాట అనేది ఎక్కడైనా బతికి ఉంటే అది తెలుగులో, ఆడవాళ్ల నోట బతికి ఉంటుంది. నగర సంగీత చరిత్రలో మనవాళ్లకు ఒక్క వాక్యం ఇచ్చేవాళ్లకు నా జవాబు ఇదే.

రేడియో కూడా ఇక్కడ వేరే తీరుగా వచ్చింది. బ్రిటన్‌లో యజమాని లౌడ్‌స్పీకర్ పెట్టాడు, పని పెరగాలని. ఇక్కడ ఎవరింటి ట్రాన్సిస్టరో గడప మీదికి వచ్చింది. 1957లో మొదలైన వివిధ్ భారతి హిందీ పాటలు పగలు, గాలి బాగుంటే రాత్రిపూట హైదరాబాద్ కేంద్రం తెలుగు పాటలు. రేడియో వచ్చి ఆడవాళ్ల పాటను ఆపలేదు, కొత్త వరుసలు తెచ్చిచ్చింది. అత్త పాట పుట్టింది అట్లాగే.

నాలుగోది మరమగ్గం. చాదర్లు, టవల్స్‌తో ఊరికి పేరు తెచ్చింది ఇదే. మిల్లు చప్పుడు ఊరి చివర ఉండేది, ఇది వాడలోకే వచ్చేసింది. పూర్వ భాగంలో ఏ సందులోకి పోయినా గోడ అవతల టకటకలే. బీడీలు చేసే ఆడవాళ్లు ఒకరి పాట ఒకరు వినలేక తలుపులు మూసుకున్నారని అత్త చెప్పేది. పాట నిజంగా ఆగింది ఎక్కడ అంటే, నా లెక్కలో మిల్లులో కాదు, ఇక్కడ. ఆ తర్వాత టీవీ వచ్చిందని అందరూ టీవీని అంటారు. టీవీ వచ్చేసరికే సగం పని అయిపోయింది.

సినిమా వరుస జానపదం కాదా?

ఇప్పుడు ఆ యువకుడు రికార్డర్ ఆపిన సంగతికి వస్తా. వరుస సినిమాది కాబట్టి పాట జానపదం కాదన్నాడు. ఇది ఆయన ఒక్కడి మాట కాదు, పరిశోధనలో పాతుకుపోయిన అలవాటు. కానీ మన రెండు భాషల సంప్రదాయం చూసినా ఈ మాట నిలవదు. మరాఠీ పాటల పుస్తకాల్లో పాట మీద 'చాల్' అని రాసి ఏ పాట వరుసలో పాడాలో చెప్తారు. తెలుగు నాటకాల్లో, హరికథల్లో 'ఫలానా మట్టు' అని ఉంటుంది. తెలిసిన వరుసకు కొత్త మాట కట్టడం తప్పయితే భజన మండళ్ల సాహిత్యం సగం చింపేయాలి. రామ్ జోషి కాలపు వరుస తీసుకుంటే సంప్రదాయం, రేడియోలో విన్న వరుస తీసుకుంటే అనుకరణ అనడం ఏం న్యాయం?

అడవిలోనో పొలంలోనో పుట్టిందే జానపదం అనుకుంటే పారిశ్రామిక నగరానికి జానపదమే ఉండదు. ఇక్కడ జనానికి దొరికిన సరుకు అదే: రేడియో, సినిమా హాలు, పండుగ మైకు. దొరికిన వరుసలో తమ లెక్క తాము పాడుకున్నారు. అత్త పాటలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ వరుస కాదు, ఆ లెక్కే. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఎంచే మనిషి ఎన్ని అవతల పడేస్తే అంత నష్టం. జీతం రికార్డుల్లో ఆ పడేసినవి రావు. కూలి ఇచ్చిన లెక్కే ఉంటుంది, ఎగ్గొట్టిన లెక్క ఉండదు. ఆ లెక్క పాటలో ఉంది.

మన ఇంటి తప్పు

బయటివాళ్లను అన్నాను, ఇప్పుడు మనల్ని అనుకోవాలి. చాలా ఏండ్ల కింద ఒక సంఘం ప్రత్యేక సంచికకు సోలాపూర్ తెలుగువాళ్ల సంగీత సేవ మీద వ్యాసం రాయమంటే నేనే రాశాను. మొన్న దాన్ని మళ్లీ తీసి చదివాను. త్యాగరాజ ఆరాధన ఉంది, అన్నమయ్య కీర్తనల పోటీలు ఉన్నాయి, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దలకు కప్పిన శాలువాలు ఉన్నాయి. బీడీ అనే మాట ఒక్కసారి కూడా లేదు. మిల్లు అనే మాట ఒక్కసారి ఉంది, అదీ విరాళం ఇచ్చినవాళ్ల వరసలో.

ఎందుకట్లా రాశాను? నిజం చెప్పాలంటే సిగ్గు. అత్త మాట్లాడే తెలుగు హైదరాబాద్ వాళ్ల ముందు వినబడకూడదని సిగ్గు. పాళీ, భోంగా, సాచా లాంటి మాటలు తెలుగు కాదనుకున్నాం. మన వాడ తెలుగు మీద సిగ్గుపడ్డ చోట ఆ తెలుగులో ఉన్న పాట మీద కూడా సిగ్గుపడ్డాం. మన మాటల పట్టికలు ఇప్పుడు చాలామంది కడుతున్నారు, సంతోషం. కానీ మాట ఒంటరిగా బతకదు. ఏ పని దగ్గర, ఎవరితో అన్నారో, ఏ పాటలో పెట్టి పాడారో కూడా రాసుకోవాలి.

'సాచా' మాటనే చూడండి. మరాఠీ మిల్లు కార్మికుల నోట సాచా అంటే మగ్గం యంత్రం. 2001లో ముంబై మిల్లుల ఊరి మీద అంజలీ మొంతెయిరో, కె.పి. జయశంకర్ తీసిన డాక్యుమెంటరీ పేరు కూడా అదే. తెలంగాణలో సిరిసిల్లకు పోతే మరమగ్గాన్ని 'సాంచా' అంటారు. భివండీ, సోలాపూర్‌లో పనిచేసి తిరిగిపోయినవాళ్లు యంత్రంతోపాటు మాటను కూడా మోసుకుపోయారని నేను నమ్ముతున్నా. మాట పోయిన దారిలో పాట పోకుండా ఉంటుందా? సోలాపూర్ పాట వెతికేవాళ్లు ఒకసారి సిరిసిల్ల బస్సు కూడా ఎక్కాలి.

ఇంకో సంగతి, మన పాటను స్వచ్ఛమైన తెలుగు పాటగానే చూపించాలన్న పట్టుదల కూడా తప్పే. పండరీపురం మన జిల్లాలోనే ఉంది. మా నాన్న భజన నోటుబుక్కులో సగం మరాఠీ అభంగాలు, అన్నీ తెలుగు లిపిలో. మరాఠీ ళకారానికి మన ళకారం సరిగ్గా సరిపోయింది. మరాఠీలో చకారాన్ని రెండు తీర్లుగా పలుకుతారు, తెలుగులోనూ అంతే. పాత తెలుగు రాతలో దంత్య చకారానికి ప్రత్యేకంగా ౘ అని రాసేవాళ్లు. నాన్నకు ఆ గుర్తు తెలియదు, మామూలు చకారమే రాసుకున్నాడు, పాడేటప్పుడు మాత్రం ఎక్కడా తప్పలేదు. నవరాత్రుల్లో మా అక్కలు సాయంత్రం పక్కింటి మరాఠీ పిల్లలతో ఏనుగు బొమ్మ చుట్టూ భోండలా ఆడి, వెంటనే ఇటొచ్చి బతుకమ్మ ఆడేవాళ్లు. ఈ రెండింటినీ రెండు పుస్తకాల్లో విడదీసి రాస్తే ఆ వీధి ఏ పుస్తకంలోనూ దొరకదు.

వోచర్లు ఎక్కడ ఉన్నాయి

అభ్యంతరాలు చెప్పి ఊరుకుంటే సరిపోదు గదా. ఆధారాలు లేవు కాబట్టి రాయలేకపోతున్నాం అనేవాళ్లకు నా అనుభవంలోంచి నాలుగు దారులు చెప్తా.

మొదటిది ట్రస్టుల లెక్కలు. మహారాష్ట్రలో 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద రిజిస్టరైన గుళ్లు, మండళ్లు ఏటా ఆడిట్ చేసిన లెక్కలు ధర్మాదాయ కమిషనర్ కార్యాలయంలో దాఖలు చేయాలి. నూలు పున్నమి నాడు, అంటే మరాఠీవాళ్ల నారళీ పౌర్ణమి నాడు, మార్కండేయ రథోత్సవం జరిగే ఊరు మనది. అట్లాంటి ఉత్సవాల ఖర్చులో వాజంత్రీకి ఎంత, బ్యాండుకు ఎంత, మైకుకు ఎంత అన్న పద్దు ఉండాలి. ఏ ఏడు డప్పు పోయి బ్యాండు వచ్చింది, ఏ ఏడు మైకు ఖర్చు మనుషుల ఖర్చును దాటింది అన్నది ఆ పద్దులు చెప్పగలవు. సంగీత పరిశోధకులు ఆడిట్ రిపోర్టు చదవరు. చదవమని నా విన్నపం.

రెండోది భజన నోటుబుక్కులు. వాటిలో పాట ఒక్కటే చూడకండి. వెనక పేజీల్లో చందా లెక్క, మద్దెల తోలు మార్పించిన ఖర్చు, రాని సభ్యుల పేర్లు ఉంటాయి. సమ్మె నెలల్లో చందా ఎట్లా ఆగిందో మా నాన్న పుస్తకంలోనే కనిపిస్తుంది.

మూడోది పేర్లు. ఇంగ్లీషు కాగితాల్లో మన ఊరు చాలాకాలం షోలాపూర్. 1884 నాటి బొంబాయి గెజిటీర్ 20వ సంపుటం కూడా ఆ పేరు మీదే ఉంది. పాత కాగితాల్లో తెలుగు అని వెతికితే మనం దొరకం. తెలంగీ, కామాఠీ, సాళీ అని వెతకాలి.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మనుషులను అడిగే తీరు. "పాత పాటలు పాడండి" అంటే ఎవరైనా తడబడతారు, లేకపోతే మనకు నచ్చుతుందనుకున్నది పాడతారు. పని గురించి అడగండి. ఎక్కడ కూర్చునేవాళ్లు, పక్కన ఎవరు, రేడియో ఎవరిది, మాట్లాడితే కార్ఖానావాళ్లు ఊరుకునేవాళ్లా, రోజు వెయ్యి పూర్తయ్యేసరికి ఎన్నింటికయ్యేది. పాట దానంతట అదే వస్తుంది. వచ్చినప్పుడు వరుస ఏ సినిమాది అయినా సరే, రికార్డర్ ఆపకండి. పాడే మనుషులు వాడ మారి ఉంటారు. బీడీ కార్మికుల కోసం కుంభారీ దగ్గర కట్టిన 10,000 ఇండ్ల గోదూతాయి పరుళేకర్ కాలనీ 2006లో తెరిచాక పాత పేటలనుంచి ఎన్నో కుటుంబాలు అటు పోయాయి. పాత పేటల్లో వెతికి ఎవరూ లేరని రాసేముందు అక్కడికి కూడా పోయి రావాలి.

పోయిన నెల ఫోను జేబులో పెట్టుకొని మళ్లీ అత్త దగ్గరికి పోయాను. ఎనభై దాటింది, కండ్లు సరిగ్గా కనబడవు. పాట సంగతి ఎత్తకుండా కార్ఖానా సంగతులు అడుగుతూ కూర్చున్నా. అరగంట తర్వాత తనే ఎత్తుకుంది. మొదటి చరణం పూర్తిగా వచ్చింది, రెండోది సగం. మూడోది ఎంత తిప్పుకున్నా రాలేదు. "ఇదేనా అల్లుడా, అప్పుడు ఆ పిల్లగాడు వద్దన్న పాట?" అంది. అవునన్నా. "అప్పుడైతే మొత్తం వస్తుండె" అంది. నిష్ఠూరంగా కాదు, బజారుకు పోయొచ్చిన సంగతి చెప్పినట్టే అంది.

కాసేపటికి, తన పక్కన కూర్చొని బీడీలు చేసిన ఆమెకు మూడో చరణం వచ్చునని, చరణం కట్టిందే ఆమె అని చెప్పింది. ఆమె ఇప్పుడు కుంభారీలో కొడుకు దగ్గర ఉందట. వచ్చే ఆదివారం అత్తను ఆటోలో ఎక్కించుకొని అక్కడికి పోతున్నా. మీ ఇండ్లల్లో ఇట్లాంటి నోటుబుక్కులు, ఇట్లాంటి అత్తలు ఉంటే మీరూ ఆలస్యం చేయకండి.